వదిన కుడి చెంప

మా వదిన మొహంలో ఇన్నేళ్లూ ఉద్యోగం చేసింది సగమే. కుడి సగం. ఎడమ సగం ఊరికే దాని వెంట షాపుకి వచ్చి, సాయంత్రం దాకా నిలబడి, మళ్లీ దాని వెంటే ఇంటికి పోయేది.

మాది నాలుగంతస్తుల పెద్ద దుకాణం. లోపలికి అడుగుపెట్టగానే పౌడర్లూ క్రీములూ అమ్మే కౌంటరు వదినది. దానికి సరిగ్గా ఎదురుగా కళ్లజోళ్ల కౌంటరు నాది. నేను ఆవిడ తమ్ముడి భార్యని. ఈ ఉద్యోగం ఆవిడే ఇప్పించింది కనుక, ఇంట్లో ‘నువ్వు’ అని ఎంత పోట్లాడుకున్నా షాపులో పదిమంది ముందు మాత్రం ‘మీరు’ అనుకోవాలని షరతు పెట్టింది. యాభై దాటి చాలా దూరం వచ్చేసినా హాజరు పట్టీలో ఇంకా ఆవిడ ‘సేల్స్ గర్ల్’. ఆ మాట మార్చమని ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

పొద్దున్నే షట్టరు లేవగానే వదిన ఎత్తు స్టూలెక్కి కూర్చునేది. గుండ్రటి అద్దం ముందుకు లాక్కుని, వచ్చినవాళ్లంతా చూస్తుండగా మొహంలో కుడి సగానికి మేకప్ వేసుకునేది. కుడి కనుబొమ్మ, కుడి కన్ను, కుడి చెంప. చివరికి లిప్‌స్టిక్ కూడా పెదవులకు కుడి సగమే. ముక్కు మీద దారం పట్టి గీసినట్టు సరిగ్గా మధ్యలో ఆపేసేది. ఆపేసి, ‘ఇటు చూడండి, అటు చూడండి, ఆ పైన మీ ఇష్టం’ అనేది. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడే అవసరమూ ఉండేది కాదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో చూశాను, ఆడవాళ్లు ఆ రెండు సగాలనీ మార్చి మార్చి చూసి, పర్సు తెరిచేవాళ్లు.

ఆ సగం మొహంతోనే టీ తాగేది, బస్సెక్కేది, కరెంటు ఆఫీసుకెళ్లి తగువు పెట్టుకునేది. సిగ్గు అనే వస్తువు ఆవిడ కౌంటర్లో లేదు. ఆ రోజుల్లో ఒక తమాషా జరుగుతుండేది. కుడివైపు నుంచి వచ్చి పలకరించినవాళ్లు ‘మేడమ్’ అనేవాళ్లు. ఎడమవైపు నుంచి వచ్చినవాళ్లు ‘పిన్నిగారూ’ అనేవాళ్లు. వదిన రెండింటికీ పలికేది, కానీ కుడివైపు వచ్చినవాళ్లకి నవ్వు ఎక్కువ దొరికేది.

ఇంటికొచ్చాక కుడి సగాన్ని సబ్బు పెట్టి తోమేది. తోమేదనే నేనంటాను, కడుక్కోవడం అనే మాట దానికి సరిపోదు. ఆ తర్వాత పడుకోబోయే ముందు ఒక చిన్న సీసాలోంచి కోల్డ్ క్రీము తీసి, ఎడమ చెంపకి మాత్రం రాసుకునేది. కుడి చెంపకి రాసేది కాదు. పెళ్లయిన కొత్తలో నాకది చూసి ఒళ్లు మండింది.

“అదేంటి వదినా, రెండో చెంప సవతి బిడ్డా?” అని అడిగాను.

“దానికి రోజూ పెళ్లే కదే,” అంది వదిన. “దీనికేముంది, పాపం. పొద్దుట్నుంచీ పక్కన నిలబడి చూడ్డమే. జాలేస్తుంది.”

ఇదీ ఆవిడ లెక్క. పండక్కి కొత్త బట్టలు దొరకని పిల్లని దగ్గరికి తీసుకున్నట్టు, ఎడమ చెంపని రోజూ దగ్గరికి తీసుకునేది. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు, మా మేడ మీద గదిలో ఒక్కతీ ఉండేది. ఎవరికో ఒకరికి జాలి చూపించకపోతే నిద్ర పట్టదు కాబోలనుకుని నేనూ ఊరుకున్నాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆవిడ కళ్లజోడు పెట్టుకోదు. ఎదురుగా నిలబడి పొద్దస్తమానం కళ్లజోళ్లు అమ్మే మరదలికి ఇంతకన్నా తలవంపులుంటాయా? వయసుతో పాటు దగ్గరి చూపు తగ్గి, అద్దాన్ని చేతికందనంత దూరం జరిపి చూసుకోవడం మొదలుపెట్టింది. “దగ్గరి చూపు మందగించింది వదినా,” అంటే, “అద్దం మసకబారింది,” అనేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మేనేజరుతో గొడవపడి అద్దం మార్పించింది కూడా. కొత్త అద్దం కూడా మసకదే పంపారట.

ఈలోగా కుడీ ఎడమల కథ మెల్లిగా తిరగబడింది. కుడివైపు నుంచి వచ్చేవాళ్లు ‘పిన్నిగారూ’ అంటున్నారు. ఎడమవైపు నుంచి వచ్చేవాళ్లు ‘మేడమ్’ అంటున్నారు. నేను కనిపెట్టాను. వదిన కనిపెట్టలేదు. మధ్యాహ్నమయ్యేసరికి కుడి చెంప మీద పౌడరు చర్మంలోకి ఇంకిపోయి, కంటి కింద సన్నసన్నటి గీతలు తేలేవి. నోటి పక్కన ఫౌండేషన్ పెచ్చులు కట్టేది. ఎడమ చెంప మాత్రం ఏమీ ఎరగనట్టు నున్నగా, కాస్త నిగనిగలాడుతూ ఉండేది. నాకు చెప్పాలనిపించేది, కానీ పిల్లి మెడలో గంట కట్టడానికి నా ధైర్యం చాలలేదు.

కట్టింది ఒక హెడ్‌మిస్ట్రెస్. రిటైరైన మనిషి, పొట్టిగా, కొలిచినట్టు మాట్లాడేది. నా దగ్గర కొత్త కళ్లజోడు తీసుకుని, అది పెట్టుకునే తిన్నగా వదిన కౌంటరుకి నడిచింది. వదిన అలవాటు ప్రకారం ఇటు తిరిగి, అటు తిరిగి చూపించింది. హెడ్‌మిస్ట్రెస్ బాగా దగ్గరికి వంగి, రెండు వైపులా పరీక్షగా చూసి, ఎడమ చెంప వైపు వేలు చూపించింది.

“ఈ వైపు రాసింది ఇవ్వండమ్మా.”

వదిన నవ్వింది. “అటువైపు ఏమీ రాయలేదండీ.”

“అయితే ఆ ఏమీ లేనిదే ఇవ్వండి,” అంది హెడ్‌మిస్ట్రెస్.

పెర్‌ఫ్యూముల దగ్గరుండే అమ్మాయి కిసుక్కుమంది. చెప్పుల సెక్షన్ వాళ్లు నవ్వారు. మెట్ల మీద నిలబడ్డ మా మేనేజరు నవ్వలేదు. కొత్తగా వచ్చిన కుర్రమేనేజరు, మర్యాదస్థుడు. మర్యాదస్థులు నవ్వకపోతేనే భయం. వదిన మాత్రం ఆవిడేదో వేళాకోళం ఆడిందనుకుని, ఒక పౌడరు డబ్బా అంటగట్టి పంపింది.

ఆ సాయంత్రమే మేనేజరు వదిన దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మేడమ్, యాభై దాటిన వాళ్ల పొడి చర్మానికని కొత్త సరుకు వస్తోంది. శుక్రవారం కంపెనీ నుంచి ఒకావిడ వస్తారు. మీ డెమో చూసి, ఈ కౌంటర్లో ఎవరుండాలో ఆవిడే చెప్తారు. లేకపోతే పెర్‌ఫ్యూముల అమ్మాయిని ఇక్కడ వేద్దామని...”

“మరి నేను?” అంది వదిన.

“సూట్‌కేసుల సెక్షన్లో మీకు హాయిగా ఉంటుంది మేడమ్. కింద చల్లగా ఉంటుంది. ఎక్కువ మంది రారు.”

“సూట్‌కేసుకి ఏ వైపు మేకప్ వెయ్యాలి నాయనా?” అంది వదిన. అతను నేల చూపులు చూస్తూ వెళ్లిపోయాడు.

వదిన నా కౌంటరుకొచ్చి, అద్దాల బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. అలా ఆనించవద్దని అందరికీ చెప్పేదాన్ని, ఆవిడకి చెప్పలేకపోయాను.

“నిజం చెప్పు. ఆ హెడ్‌మిస్ట్రెస్ వేళాకోళం ఆడిందా, నిజంగానే అందా?”

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. దగ్గరి చూపుకి సరిపోయే కళ్లజోడు ఒకటి తీసి, ఆవిడ చెవులకి నేనే తగిలించి, పెద్దగా చూపించే అద్దం ముందు పెట్టాను.

వదిన చాలాసేపు చూసుకుంది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, తన కౌంటరు ముందు ఇన్నేళ్లుగా ఆడవాళ్లందరూ చూసినట్టే. తర్వాత కళ్లజోడు తీసి, మడిచి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

“ఎప్పట్నుంచి?” అంది.

“కొన్నేళ్లయింది వదినా.”

“అందరికీ తెలుసా?”

నేను బల్ల మీద పడిన వేలిముద్రలు తుడవడం మొదలుపెట్టాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆవిడ మీద అంత జాలి అంతకు ముందెప్పుడూ వెయ్యలేదు. “సూట్‌కేసుల దగ్గర కూర్చోలేనే,” అంది మెల్లిగా. “ఈ కౌంటరు నుంచి దింపేస్తే నేనెవర్ని? ఒక గదిలో అద్దెకున్న ముసలిదాన్ని.” మా దగ్గర ఆవిడ ఏనాడూ అద్దె కట్టలేదు, కానీ ఆ సంగతి గుర్తు చేసే సమయం కాదని ఊరుకున్నాను.

మర్నాటి నుంచి మా వంటింటి బల్ల కాస్తా మేకప్ గది అయింది. న్యాయనిర్ణేత నా మొగుడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అక్కంటే ప్రాణం, కానీ నోటికి అడ్డూ ఆపూ లేదు.

మొదటి ప్రయత్నం వదినదే. గోడకి పగుళ్లొస్తే ఇంకో పూత సున్నం కొడతాం కదా, అదే తర్కం. కుడి చెంప మీద ఫౌండేషన్ పూత మీద పూత పట్టించి, దాని మీద పౌడరు దట్టించింది. కాసేపు బాగానే ఉంది. తర్వాత నేనేదో అంటే నవ్వింది, పూతంతా ఎండిన చెరువులా బీటలు వారింది. “నవ్వకపోతే బాగుంటుంది,” అని తేల్చి, ఇంకో పూత వేసుకుని నవ్వకుండా కూర్చుంది. మా ఆయన పని నుంచి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, గొంతు తగ్గించి అడిగాడు.

“అక్కా, ఎవరు పోయారు?”

రెండో ప్రయత్నం దానికి పూర్తి విరుగుడు. పొడిగా ఉంది కనుక తడపాలి అంది వదిన. ఎడమ చెంపకి ఇన్నేళ్లూ రాసిన కోల్డ్ క్రీము బాకీ అంతా ఒక్కసారే తీర్చేద్దామనుకుందో ఏమో, కుడి చెంపకి చేతి నిండా పులిమి, అది ఆరకముందే పైన పౌడరు చల్లింది. రెండూ కలిసి పిండిముద్ద తయారైంది. తుడిస్తే చెవి దాకా సాగింది. మా ఆయన వేలితో తాకి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. “లిఫ్టు తలుపు పట్టాలకి మేమిదే వాడతాం,” అన్నాడు.

నాకు విసుగొచ్చింది. అక్కాతమ్ముళ్లిద్దరినీ కసిరి, తడి తువ్వాలుతో ఆవిడ చెంప శుభ్రంగా తుడిచాను. తడి ఇంకా ఉండగానే కొంచెం క్రీము రాశాను, ఈసారి బఠాణీ గింజంత. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగితే అటు పరుగెత్తాను. ఆ గిన్నె కడిగి, గట్టు తుడిచి, మా ఆయన్ని నాలుగు తిట్టి వచ్చేసరికి ఆ క్రీము చర్మంలోకి ఇంకింది. స్పాంజి తీసుకుందామంటే అది నీళ్ల గిన్నెలో పడి ఉంది. ఉన్న ఒక్క స్పాంజీ అదే. దాన్నే పిండి, ఫౌండేషన్ కొద్దిగా అంటించి, రుద్దకుండా అద్దాను. పౌడరు డబ్బా దొరకలేదు, మా ఆయన దాని మీదే కూర్చున్నాడని తర్వాత తెలిసింది. సరే పొమ్మని వదిలేశాను.

చూస్తే, మొహం మొహంలా ఉంది. గీతలు ఎటూ పోలేదు, కానీ ఎవరూ వాటి కింద గీతలు గీసి చూపించట్లేదు. వదిన నా చేతుల్లోంచి మొహం లాక్కుని, నేను షాపు నుంచి తెచ్చిన కళ్లజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

“ఏం వేశావే? ఏమీ కనబడ్డం లేదు.”

“కనబడకపోవడమే కదా కావల్సింది.”

“కనబడకపోతే అమ్ముడుపోయేదెట్లా? ఇటు చూడండి అటు చూడండి అంటే, రెండూ ఒకటేగా అంటారు. ఆ కంపెనీ ఆవిడ నన్ను నేరుగా సూట్‌కేసులో పెట్టి పంపిస్తుంది.”

నిజమే. ఆవిడ వ్యాపారమంతా తేడా మీద నడిచింది. తేడా తెలియని మేకప్‌తో ఆవిడేం చేసుకుంటుంది? అదొక్కటే కాదు, ఇంకో చిక్కు కూడా ఉంది. కళ్లజోడు తీస్తే ఆవిడకి తన చెంప కనబడదు. పెట్టుకుంటే కంటి చుట్టూ చెయ్యి ఆడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

“అక్కా, ఇందులో ఏముంది? వైపు మార్చెయ్. ఎడమ చెంపకి మేకప్ వెయ్యి, కుడి చెంప ఖాళీగా వదిలెయ్. ఎడమది ఎట్లాగూ నున్నగా ఉంది, ఏం రాసినా మెరుస్తుంది. కుడిది ఎట్లాగూ...” అని, నా చూపు చూసి మిగతాది మింగేశాడు.

“అది మోసం కాదూ?” అన్నాను.

“మొహం ఆవిడదేగా,” అన్నాడు.

వదిన కళ్లు వెలిగాయి. ఆ బీటల తర్వాత మళ్లీ ఇప్పుడే నవ్వింది. నేను మూతి ముడుచుకున్నాను, కానీ గట్టిగా అడ్డు చెప్పలేదు. మోసమో కాదో తేల్చుకునేలోపు ఆవిడకి కౌంటరు దక్కితే చాలని నా మనసులో కూడా ఉంది.

శుక్రవారం పొద్దున కౌంటరు ముందు కుర్చీలు వేశారు. కొత్త సరుకంటే చూడాలని వచ్చినవాళ్లంతా మా వయసు ఆడవాళ్లు, ఇంకా పెద్దవాళ్లు. కంపెనీ ఆవిడ సమయానికి వచ్చింది. నడివయసు మనిషి, మొహం ఇస్త్రీ చేసి మడత విప్పినట్టుంది. నవ్వితే పెదవులే కదిలాయి, చెంపలు కదలలేదు. మేనేజరు ఆవిడ పక్కన, పెర్‌ఫ్యూముల అమ్మాయి మేనేజరు పక్కన. ముందు వరసలో, సరిగ్గా మధ్య కుర్చీలో, నా దగ్గర కొన్న కళ్లజోడు పెట్టుకుని హెడ్‌మిస్ట్రెస్.

వదిన స్టూలెక్కి కూర్చుంది. అద్దం జరుపుకుంది. కుంచె తీసింది. ఇన్నేళ్ల అలవాటుకి చెయ్యి తనంతట తనే కుడి చెంప మీదికి పోయింది. దాన్ని ఆపి, మొండి గేదెని మళ్లించినట్టు ఎడమ చెంప వైపు తిప్పింది. ఇంకా ఆనించలేదు.

“ఆగండమ్మా,” అంది హెడ్‌మిస్ట్రెస్.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

“మొన్న నేనడిగిన వైపు అదే కదా. అది బాగానే ఉందిగా, దాన్నెందుకు పాడుచేయడం?”

నవ్వుదామా వద్దా అన్నట్టు కుర్చీలు కదిలాయి. మేనేజరు ఎర్రబడ్డాడు. కంపెనీ ఆవిడ ఎడమ చెంపనీ కుడి చెంపనీ ఒక్కసారి చూసి, విషయం మొత్తం గ్రహించినట్టు కనుబొమ్మ ఎత్తింది. నేను బల్ల కింద దూరిపోవాలనుకున్నాను. మా వంటింట్లో చేసిన ఆలోచన ఇంత తేలిగ్గా, పదిమందిలో, ఒక్క ప్రశ్నతో బయటపడుతుందని అనుకోలేదు.

వదిన కుంచె కింద పెట్టింది. స్టూలు దిగింది. తిన్నగా నా కౌంటరుకొచ్చి, “ఆ కళ్లజోడు ఇలా ఇవ్వండి,” అంది. ఇచ్చాను. అందరి ముందూ పెట్టుకుంది. వెనక్కి నడిచి వెళ్లి, ఈసారి తన స్టూలెక్కలేదు. కొనడానికొచ్చినవాళ్లు కూర్చునే పొట్టి కుర్చీలో, వాళ్లకి ఎదురుగా, వాళ్లంత ఎత్తులోనే కూర్చుంది.

“దగ్గరికి రండి, చూడండి,” అంది కుడి చెంప తిప్పి. “ఇన్నేళ్లూ ఈ సగంతో పని చేయించుకున్నాను. ఆ సగానికి జాలి చూపించాను. పని చేసింది ఎండిపోయింది. పనిలేనిది ఇట్లా ఉంది. రోజూ పౌడరు కొట్టాను, రోజూ సబ్బు పెట్టి గీకాను, ఒక్క పూట కూడా ఇంత క్రీము రాసిన పాపాన పోలేదు. కళ్లజోడు పెట్టుకుని ఉంటే ఎప్పుడో తెలిసేది. ముసలిదాన్నంటారని పెట్టుకోలేదు.”

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒకావిడ చెయ్యి మెల్లిగా తన చెంప మీదికి పోయింది.

“ఇప్పుడు ఈ సగానికే వేద్దాం,” అంది వదిన. “నాకు కళ్లజోడు తీస్తే కనబడదు, పెట్టుకుంటే కుదరదు. అందుకని మా మరదలు వేస్తుంది. ఏమే, రా.”

షాపులో పదిమంది ముందు నన్ను ‘ఏమే’ అనడం అదే మొదటిసారి. వెళ్లాను. ఆవిడ కళ్లజోడు తీసి నా చేతికిచ్చింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, మొహం పైకెత్తింది.

తను చెప్పింది, నేను చేశాను. ముందు తడి గుడ్డతో అద్దించింది. “చెమ్మ ఉండగానే క్రీము రాయాలి, ఎండిన నేల మీద పోస్తే నీళ్లు కూడా జారిపోతాయి. ఇప్పుడాగు.” ఆగాం. అంతమంది ముందు ఏమీ చెయ్యకుండా నిలబడడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. “ఇక్కడే అందరం తప్పు చేస్తాం, తొందరపడి,” అంది వదిన. తర్వాత స్పాంజి తడిపించి, గట్టిగా పిండించింది. కొత్త సరుకులోంచి ఫౌండేషన్ ఒక్క చుక్క తియ్యమంది. “రుద్దకు. పసిపిల్లని జోకొట్టినట్టు అద్దు. కంటి కింద పౌడరు ముట్టుకోకు, అక్కడ పౌడరేస్తే నా వయసు నోటీసు బోర్డు మీద పెట్టినట్టే.” బుగ్గకి పొడి రంగు వద్దని క్రీములాంటి రంగు వేలితో అద్దించింది. కంటికి నల్లగా బిగించి గీత గియ్యబోతే వద్దంది. “గోధుమరంగుతో రెప్పల మొదట్లో ఊరికే అలా తాకించు. కన్ను కనబడాలి, గీత కాదు.”

కళ్లు మూసుకునే ఇదంతా చెప్పింది. చెప్పేకొద్దీ గొంతు నెమ్మదించింది. ఇంట్లో నా చేతిలో మొహం ఒక్క నిమిషం నిలవనివ్వని మనిషి, ఇప్పుడు బరువంతా నా అరచేతిలో వదిలేసింది. నాకు ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల చెంపలు ముట్టుకున్న చెయ్యి ఈవిడది. ఈవిడ చెంప మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నేళ్లయి ఉంటుందో.

హెడ్‌మిస్ట్రెస్ లేచి, దగ్గరికొచ్చి, కళ్లజోడు పైకి జరిపి, కిందికి జరిపి చూసింది.

“ఇంతకీ వేసింది ఏ వైపు?” అంది.

ఆవిడ వేళాకోళానికి అనలేదు. నిజంగానే పోల్చుకోలేకపోయింది. అప్పుడు నవ్వారు అందరూ. నవ్వి, ఒక్కసారిగా లేచి చుట్టూ మూగారు. ఒకావిడ కోల్డ్ క్రీము ఏదని అడిగింది. ఇంకొకావిడ స్పాంజి ఎంతసేపు నానాలని అడిగింది. కంపెనీ ఆవిడ వాళ్లని తప్పించుకుని ముందుకొచ్చి, వదిన కుడి చెంపని చాలాసేపు చూసింది.

“మా సరుకు పేరు మీరు ఒక్కసారి కూడా చెప్పలేదు,” అంది.

“కళ్లజోడు తీశాను కదండీ, పేరు కనబడలేదు,” అంది వదిన కళ్లు తెరవకుండానే.

కంపెనీ ఆవిడ నవ్వింది. ఈసారి చెంపలు కూడా కదిలాయి. నోటి పక్కన పూత సన్నగా చిట్లింది, ఆవిడ పట్టించుకోలేదు. మేనేజరు వైపు తిరిగి, “ఈవిణ్ణి ఇక్కణ్ణుంచి కదపకండి,” అంది. “సూట్‌కేసులకి ఇంకెవరినైనా చూసుకోండి.”

మేనేజరు మొహం విప్పారింది. పాపం, అతనికి మాత్రం వదిన మీద కోపమేముంది. గబగబా ముందుకొచ్చాడు. “మేడమ్, లేవండి మేడమ్. కంపెనీవాళ్లతో ఒక ఫొటో తీసుకుందాం.”

“ఇంకా అవలేదు బాబూ,” అంది వదిన.

అయిపోయింది. చెయ్యడానికింకేమీ మిగల్లేదు. నేను వంగి ఆవిడ చెవిలో అన్నాను, “అయిపోయింది వదినా.”

“తెలుసులే,” అంది ఎవరికీ వినబడకుండా. “నువ్వు ఆపకు.”

మేనేజరు నిలబడ్డాడు, కంపెనీ ఆవిడ నిలబడింది, ఆడవాళ్లంతా నిలబడ్డారు. నేను ఖాళీ స్పాంజితోనే ఆవిడ చెంప మీద ఇంకాసేపు అద్దుతూ ఉండిపోయాను.